తూటాకు పేరు

"నా తూటాకు నా పేరే పెడుతున్నా, తుపాకీ గొట్టం మీద చెక్కండి వెర్లా గారూ. ఇంత జోరైన తూటా ఐడహోలోనే లేదు," అన్నాడు ఎల్డెన్. రెండేళ్లు షెడ్డులో ఒంటరిగా కూర్చుని ఆ కొత్త రకం తూటాను తయారుచేశాడు.

తుపాకుల దుకాణం నడిపే వెర్లా, పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగును వాసన చూసింది. "తొడుగు కొత్త ఆకారానికి ఉబ్బాలని గోధుమరవ్వ పోసి పేల్చావు కదూ?"

"మీకెలా తెలుసు?"

"నా పొద్దుటి జావ రవ్వంతా మా ఆయన ఓర్విల్ దీనికే తగలేసేవాడు, పోయేదాకా." సొరుగులోంచి ఓర్విల్ చేసిన పాత తొడుగు తీసి పక్కన నిలబెట్టింది.

ఎల్డెన్ రెండూ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ముఖం మాడిపోయింది.

"ఆయన ఏం పేరు పెట్టారు?"

"పెట్టలేదు. ఇంత పిచ్చి ఇంకెవడికీ ఉండదని దాచేశాడు."

ఎల్డెన్‌కు నవ్వాగలేదు. రెండేళ్లుగా ఆ షెడ్డులో తనకెదురుగా ఎవరో కూర్చునే ఉన్నట్టు తోచింది.

"అయితే ఓర్విల్ అనే చెక్కండి. జావకి రవ్వ నేను తెచ్చిస్తా."