తూర్పు ముఖంగా

"సముద్రంల మునిగిపోయినోళ్లు గూడ లేస్తరా, అయ్యగారూ?"

ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగిసింది. నేల మీది ఆకులు ఏరుతున్న జీవరత్నం పాస్టర్ చెయ్యాపి, బిక్షమయ్య వైపు తిరిగాడు. దిల్‌సుఖ్‌నగర్ సందులో రెండో అంతస్తులో ఉన్న ఆ ప్రార్థన హాలుకు బిక్షమయ్య ఏడు నెలలుగా తప్పకుండా వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఇలాంటిదే ఏదో ఒకటి అడుగుతాడు.

"లేస్తారండీ. ప్రభువు వచ్చి పిలిస్తే ఎక్కడున్నవాళ్లయినా లేస్తారు."

"బస్సు డిపోల ముప్పయ్యేండ్లు మెకానిక్ పని చేసిన. పుర్జలన్నీ ఉంటే ఎంత పాడైన బండినైనా మళ్ల బిగిస్తం. పుర్జలే లేకుంటే ఎట్ల?"

పాస్టర్ నవ్వాడు. "మీరు బిగించేవారు. ఆయన తయారుచేసినవాడు. ఆయనకు పుర్జాలు అక్కర్లేదండీ."

బిక్షమయ్య కళ్లు తుడుచుకున్నాడు. చనిపోయిన భార్యను మళ్లీ చూస్తానన్న ఆశ ఆయనలో వేళ్లూనుతోందని పాస్టర్ సంతోషపడి, బాప్తిస్మం సంగతి ఎత్తాడు. నాకెక్కడి యోగ్యత అంటూ బిక్షమయ్య మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన భార్య అండాలు పదకొండేళ్లు ఆ హాలులో కిటికీ పక్కన కూర్చుంది. మీర్‌పేట్‌లో వాళ్లది ఒకటే గది. గోడ మీద దేవుళ్ల పటాలు ఆయనవి, గూట్లో బైబిలు ఆమెది. ప్రభువు ఏ పూట వస్తాడో తెలియదని పొద్దున్నే ఇల్లు ఊడ్చి ఉతికిన చీర కట్టుకునేది. మీ సారు ఇయ్యాల గూడ రాలే అని సాయంత్రం బిక్షమయ్య ఆటపట్టిస్తే, రేపొస్తడు తియ్యి అని నవ్వేది.

క్యాన్సర్ ముదిరి దవాఖానలో చేరాక ఆమె కోరింది ఒక్కటే. తనను మట్టిలో పెట్టాలి. తల పడమటికి ఉండాలి. ప్రభువు తూర్పున వచ్చి పిలిచినప్పుడు లేచి కూర్చుంటే, ముందుగా ఆయన ముఖమే కనబడాలి. పాస్టర్ ఎదుటే బిక్షమయ్య ఆమె చేతిలో చెయ్యి వేశాడు.

ఆమె పోగానే నల్లగొండ దగ్గరి సొంతూరికి తీసుకెళ్లారు. సంఘానికి కబురు అందేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. తరవాత పాస్టర్ వెళ్లి పలకరిస్తే, "అన్నదమ్ములంత ఒక్కటై నా మీదికొచ్చిన్రు" అన్నాడు బిక్షమయ్య. మాట అక్కడే ఆపి తువ్వాల్లో ముఖం దాచుకున్నాడు. పాస్టర్ ఆయన్ను గుండెలకు హత్తుకున్నాడు. ఆ ఆదివారం ప్రసంగంలో, నమ్మకం వేరైనా, కులం వాళ్లంతా ఎదురు తిరిగినా, భార్యకిచ్చిన మాట తప్పని మనిషి అని అందరికీ చూపించాడు. ఆడవాళ్లు ఏడ్చారు. మగవాళ్లు వచ్చి చేతులు పట్టుకున్నారు. బిక్షమయ్య తలెత్తలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే ఇల్లు ఊడ్చడం మాత్రం ఆయన మొదలుపెట్టాడు.

ఈస్టర్‌కు సంఘం వాళ్లు ఆయనకు తెలియకుండా ఒక ఏర్పాటు చేశారు. ఆరాధన అయ్యాక ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర వ్యాన్ ఎక్కించి, అప్పుడు చూపించారు. ఊళ్లో ఆమె సమాధి మీద నిలపడానికి నల్ల రాయి. దాని మీద తెల్లటి అక్షరాలు: అండాలు, ప్రభువు రాకడకై ఎదురుచూస్తూ.

వ్యాన్ విజయవాడ రోడ్డెక్కుతుండగా బిక్షమయ్య ఆపమన్నాడు. దిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. పాస్టర్ కంగారుగా దిగి మంచినీళ్లు తాగించి, పక్కనే కూర్చున్నాడు.

"ఆమె అడిగినట్టే చేశారు. ఇంకా ఎందుకండీ ఈ బాధ?"

బిక్షమయ్య పోయే బస్సుల వైపు చూస్తూ అన్నాడు.

"అండాలును నేను కట్టెల మీద కాలవెట్టిన, అయ్యగారూ."