తిరిగొచ్చే నీళ్ళు

పొద్దున్నే గ్రీన్‌హౌస్ తలుపు తీసి, అలవాటుగా గొట్టం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది!

గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ మా అన్నయ్యది. అక్కడి మిషన్లు వదిలే వేడితో నీళ్ళు కాగి ఈ గొట్టంలో నా దగ్గరికొస్తాయి. ఈ గొట్టం వేసినప్పట్నుంచి, నారును వెచ్చగా ఉంచే నా డీజిల్ పొయ్యి మూలన పడింది. ఆస్తి పంపకాల గొడవతో మా మధ్య మాటల్లేవు. ఈ ఏర్పాటు కూడా గొట్టాలు వేయించిన ఇంజినీరమ్మ మధ్యలో ఉండి కుదిర్చిందే.

గొట్టం చల్లబడితే ఫోన్ చెయ్యాల్సింది ఆవిడకే. నా కాళ్ళు మాత్రం ఫ్యాక్టరీ గేటు వైపు పరిగెత్తాయి. మనిషికేమైనా అయిందా? అసలే బీపీ, మందులు సరిగ్గా వేసుకోడు.

మిషన్ల గదిలో నిక్షేపంగా ఉన్నాడు, గొట్టం మీద చెయ్యేసుకుని. నాకు ఒళ్ళు మండింది.

"అక్కడ నా నారు చచ్చిపోతోంది! పంపు పాడైతే చూసుకోవా?"

"పంపుకేం? నేనే ఆపాను."

"ఎందుకు?"

"నువ్వు వేడి వాడుకుంటే నీళ్ళు చల్లబడి తిరిగొస్తాయి. రోజూ ఇక్కడ చెయ్యి పెట్టి చూస్తాను. నిన్నంతా వేడిగా వెళ్ళినవి వేడిగానే వచ్చాయి."

"నిన్న ఎండ కాసిందని వేడినీళ్ళు లోపలికి రాకుండా వెనక్కి తిప్పేశాను. దానికి పంపు ఆపేస్తావా?"

అన్నయ్య గొట్టం మీంచి చెయ్యి తియ్యలేదు.

"నాకేం తెలుసురా? ఏమయ్యావోనని ఒకటే కంగారు. ఎవరినడగను? ఒంట్లో బాగుంటే తిట్టడానికైనా వస్తావు కదా అని ఆపాను."