ఖాళీ ట్యాంకు

"సంతకం పెట్టెయ్ శంకర్. ట్యాంకు నిండుగానే ఉంది, ఇంజనే చెడిపోయింది. అంతే." మేనేజర్ గంగాధరరావు కాగితాన్ని ఆసుపత్రి మంచం మీద పెట్టి పెన్ను మూత తీశాడు.

"ఇంజను చెడిపోలేదు సార్, పెట్రోలు అయిపోయి ఆగింది." పైలట్ సాయిశంకర్ కుడికాలు కట్టుతో పైకి వేలాడుతోంది. "నింపించుకుని బయల్దేరతానంటే పెద్దాయన వినలేదు. పదిన్నరకి రాహుకాలం, ఈలోగా నేల వదలాలన్నారు. మీరూ పక్కనే ఉన్నారు."

ఉన్నాడు. విమానం ముక్కుకి కుంకుమబొట్టు పెట్టిందే ఆయన. పెద్దాయనని ఒడిశాలో, పెట్రోలు దొరకని తన గనుల దగ్గర సుఖంగా దింపిన ఆ బుల్లి విమానం, తిరుగుదారిలో పద్మనాభం ఊరి మీదికొచ్చేసరికి ఆగిపోయి, కోతకొచ్చిన వరిచేలో పడింది. అప్పుడందులో ఉన్నది శంకర్ ఒక్కడే. రాహుకాలం యజమాని జోలికి పోలేదు, జీతగాడి కాలు మాత్రం విరిచింది.

"రికార్డులో ఫుల్ ట్యాంకని రాయించాను" అన్నాడు గంగాధరరావు.

"మరి ఇప్పుడు చుక్క కూడా లేదేమని అడిగితే?"

"ఊరి జనం తోడుకుపోయారు." ఆయన ఫోనులో వీడియో చూపించాడు. విమానం చుట్టూ జనం, చేతుల్లో టిన్నులు, బిందెలు. "దొంగతనానికి వచ్చారా, లేదా?"

"వచ్చారు. ఖాళీ టిన్నుల్తోనే పోయారు."

"ఎవడు నమ్ముతాడు? చూడు శంకర్, పెట్రోలు లేక పడిందంటే తప్పు పైలట్‌దే. లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది. మనకి ఇన్సూరెన్సూ రాదు. మీ హిమబిందుకి ఏడో నెల కదూ?"

భార్య పేరు ఆ నోట వినేసరికి శంకర్‌కి ఒళ్లు మండిపోయింది. "పోతే పోనీండి సార్. నన్ను బతికించిన ఊరిని దొంగల్ని చెయ్యలేను. ఎల్లారావు బాబాయ్ సాక్ష్యం చెప్తాడు."

ఆ వరిచేను ఎల్లారావుదే. విమానం పేలిపోతుందని అందరూ గట్టు మీదే నిలబడిపోతే, లోపలికి దూరి శంకర్‌ని బయటికి లాగింది అతనే. టిన్నులు పట్టుకొచ్చినవాళ్లు నమ్మకపోతే, ట్యాంకులో పుల్ల పెట్టి, పొడిగా వచ్చిన పుల్లని అందరికీ చూపించిందీ అతనే. వీడియోలో చేతిలో టిన్ను లేనిది అతనొక్కడికే.

అంతలో ఎస్సై ఆశాజ్యోతి వచ్చింది. వెనకాలే ఎల్లారావు, చేతిలో రెండు కొబ్బరిబొండాలు.

"కాలెలాగుంది బాబూ?"

"బానే ఉంది బాబాయ్."

గంగాధరరావు అతని భుజం మీద చెయ్యేశాడు. "మీ చేను పాడైంది కదా పాపం. ఆ సంగతి మాట్లాడుకుందాం, ఇలా రండి." ఇద్దరూ వరండాలోకి వెళ్లారు.

ఎస్సై పుస్తకం తెరిచింది. శంకర్ దాచకుండా అంతా చెప్పాడు. రాహుకాలం చెప్పాడు, పెట్రోలు ముల్లు సున్నా దగ్గర ఆడుతుంటే దింపకుండా ఇల్లు చేరాలనుకున్న తన తప్పూ చెప్పాడు. చెప్పేశాక ప్రాణం తేలికపడింది.

"కావాలంటే బాబాయిని అడగండి మేడమ్."

ఎల్లారావు లోపలికొచ్చాడు. శంకర్ వైపు చూడలేదు.

"ట్యాంకు నువ్వే చూశావట. ఖాళీయేనా?" అడిగింది ఎస్సై.

ఎల్లారావు తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. గంగాధరరావు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"నేదమ్మా. నిండా ఉంది. జనం వచ్చీలోగా నానే డ్రమ్ములోకి తీసీసాను. ఆళ్లకేటీ తెల్దు."

శంకర్ లేవబోయాడు. కాలు కలుక్కుమంది. "బాబాయ్, అబద్ధం ఎందుకు చెప్తున్నావ్?"

ఎస్సై అంతవరకూ రాసిందంతా కొట్టేసింది. "ఇంతసేపూ నాకు కథలు చెప్పారా? తప్పంతా యజమాని మీదికి తోద్దామనా?"

చేను కొనేశారు, మనిషినీ కొనేశారు అనుకున్నాడు శంకర్. ఆ చేతులే తనని మోశాయంటే అసహ్యం వేసింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కానిస్టేబులు వచ్చి ఎల్లారావు రెక్క పట్టుకున్నాడు. ఒక్క నిమిషం బాబూ అని అతన్ని బతిమాలుకుని, ఎల్లారావు మంచం మీదికి వంగి శంకర్ చెవిలో మెల్లగా అన్నాడు:

"నాను పైసా ముట్టుకోలేదు బాబూ, ఖాళీ అని సెప్తే నీ ఉజ్జోగం పోద్దని ఆ మేనేజర్ బాబు సెప్పీసాడు, ఇంక బయం నేదు, కడుపుతో ఉన్న అమ్మాయిని జాగర్తగా సూసుకో."