ఏడు నిమిషాల సర్టిఫికెట్

“ఇయ్యాల లోపలికి ఎవ్వర్నీ పంపొద్దన్నరు. రేపు రా చెల్లె” అంటూ అటెండర్ ఎల్లయ్య తాసిల్దార్ ఆఫీసు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

“రేపొస్తే నా బిడ్డకు సీటు నువ్విస్తవా?” అంది సుమిత్ర.

ఆమె ఒంటి మీద ఇంకా కంపెనీ యూనిఫామే ఉంది. బొల్లారంలో మందుల కంపెనీ షిఫ్టు దిగి, ఇంటికైనా పోకుండా, బస్సు దిగిన చోటే షేరాటో ఎక్కి వచ్చింది. కూతురు నిషితకు సంగారెడ్డిలో నర్సింగ్ సీటు వచ్చింది. కుల సర్టిఫికెట్ చూపించడానికి ఆఖరి గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలు. దరఖాస్తు పెట్టి ఇరవై రెండు రోజులైంది. ఆమె ఈ గేటు దగ్గరికి రావడం ఇది ఆరోసారి.

ఎల్లయ్య గొంతు తగ్గించాడు. “ఢిల్లీ నుంచి పెద్దోళ్లు వచ్చిండ్రు. దేశంల ఆఫీసులన్నీ ఆన్‌లైన్ పనికి తయారుగున్నయా లేవా అని చూసి మార్కులేస్తరట. జెర నిమ్మళంగ మాట్లాడు.”

“మార్కులా? నేనేస్త మార్కులు. ఓసారి సర్వర్ లేదంటిరి. ఓసారి కరెంటు లేదంటిరి. ఓసారి సారు లేడంటిరి. మొన్న వేలు పెట్టమంటే పెట్టిన. గీతలు అరిగినయ్, మిషన్ పడ్తలేదంటిరి. పదేండ్ల సంది కంపెనీల డ్రమ్ములు కడిగే చేతులన్నా, గీతలేడుంటయ్? ఏడికెళ్లి తేవాలె నేను గీతలు?”

ఆమె గొంతు ఆమెకు తెలియకుండానే లేచింది. లోపల మాటలు ఆగిపోయాయి. కాసేపటికి కళ్లద్దాల పెద్దావిడ ఒకామె మెట్ల మీదికి వచ్చింది. ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీకి పెద్ద ఆవిడే. పేరు పద్మావతి. తాసిల్దారు ఆవిడ వెనకాలే గబగబా వచ్చాడు.

“ఆవిణ్ణి ఎందుకు ఆపారండీ?”

“ఏం లేదు మేడం. రోజూ ఉండేదే. వీళ్లకు చెప్పినా అర్థం కాదు.”

“నాకు మంచిగనే అర్థమైంది సారూ” అంది సుమిత్ర. “ఆరుసార్లు తిప్పిండ్రు. ఏడోసారి తిప్పుదామంటే గడువే లేదు. గదీ అర్థమైంది.”

తాసిల్దారు ముఖం కందగడ్డ అయింది. పద్మావతి మాత్రం గేటు తీయమని ఎల్లయ్యకు సైగ చేసింది. “రండమ్మా. మీ పని మా ముందే చేయిద్దాం. ఎంతసేపు పడుతుందో నేనే చూస్తాను” అని చేతి గడియారం సరిచేసుకుంది.

కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ మహేంద్ర, తాసిల్దారు వైపు చూశాడు. తాసిల్దారు కళ్లతోనే ఏదో చెప్పాడు. మహేంద్ర తల వంచుకుని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, ఆధార్ నంబరు. సర్వర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

“వేలు పెట్టక్కా.”

సుమిత్ర పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. ఆమె తన బొటనవేలిని వెనక్కి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“మొన్న పట్టనిది ఇయ్యాలెట్ల పట్టింది?”

“మిషన్ మారిందక్కా” అన్నాడు మహేంద్ర, తల ఎత్తకుండానే.

తాసిల్దారు పక్క కంప్యూటర్‌లో తన డిజిటల్ సంతకం కూడా పెట్టేశాడు. ప్రింటర్ గుర్రుమని కాగితాన్ని బయటకు తోసింది. పద్మావతి గడియారం చూసింది. ఏడు నిమిషాలు. కమిటీ వాళ్లు చప్పట్లు కొట్టారు.

“ఇప్పుడు చెప్పండమ్మా, ఇక్కడ పని ఎలా ఉంది? మీ మాటే రాసుకుంటాను.”

సుమిత్ర కడుపులో ఇరవై రెండు రోజుల కోపం అట్లాగే ఉంది. పని కాకపోతే ఒక కోపం, ఇంత తేలిక పనని తెలిశాక ఇంకో కోపం. పోగొట్టుకున్న డ్యూటీలు, సూపర్‌వైజర్ తిట్లు, రాత్రిళ్లు ముడుచుకుని కూర్చున్న నిషిత ముఖం అన్నీ ఒకేసారి నాలుక మీదికి వచ్చాయి. తాసిల్దారు ఆమెనే చూస్తున్నాడు. గోడ గడియారం రెండు దాటింది. కాగితం చేతిలో వెచ్చగా ఉంది. మాట జారితే దీన్ని కూడా గుంజుకుంటారేమో.

“మంచిగుంది మేడం. ఏడు నిమిషాలల్ల అయింది” అంది పంటి బిగువున. కాగితం పట్టుకుని నిలబడమన్నారు. నిలబడింది. ఫోటో తీసుకున్నారు.

గేటు దగ్గర ఎల్లయ్య నవ్వబోయాడు. “నవ్వకన్నా” అంది సుమిత్ర. “ఏడు నిమిషాల పనికి నన్ను ఇరవై రెండు దినాలు ఏడిపిచ్చిండ్రు. నా నోటితోనే మంచిగుందని అనిపిచ్చిండ్రు. బిడ్డ సీటు ఖాయం కానియ్యి, మళ్లొచ్చి మీ అందరి సంగతి చెప్త.”

ఆటో, బస్సు, మళ్లీ ఆటో. సంగారెడ్డిలో కాలేజీ చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. వరండాలో నిలబడ్డ నిషిత పరుగున వచ్చి తల్లి చేతిలోంచి కాగితం అందుకుని కౌంటర్‌లో ఇచ్చింది. అక్కడి గుమాస్తా ప్రేమలత కాగితం మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసింది. ఇంకోసారి చేసింది. తర్వాత ఫోనును వాళ్ల వైపు తిప్పింది.

తెర మీది అక్షరాలను నిషితే పైకి చదివింది: “ఇది ఆపరేటర్ల శిక్షణ కోసం తయారైన నమూనా పత్రం. ఎక్కడా చెల్లదు.”