చిన్నమ్మి చెయ్యి

తప్పు రాసింది గాసి. దెబ్బ తిన్నది చిన్నమ్మి.

సోములమ్మ బడి గుమ్మంలో నిలబడి ఇది కళ్ళారా చూసింది. గాసి ఆమె కొడుకు. ఎనిమిదేళ్ళవాడు. నేల మీద పరిచిన ఇసుకలో వేలితో 'సెట్టు' అని రాశాడు. పోలయ్య పంతులు వంగి చూశాడు. వాడినేమీ అనలేదు. వాణ్ణి దాటి వెళ్ళి చివర కూర్చున్న పిల్ల ముందు ఆగాడు. ఆ పిల్ల అరచెయ్యి చాపింది. బెత్తం లేచి పడింది.

ఆ పిల్ల ముందున్న ఇసుకలో 'చెట్టు' అని ఉంది.

గాసి ముక్కు ఎగపీల్చుకుంటూ ఇసుక చదును చేసి మళ్ళీ రాశాడు. ఈసారి 'చెట్టు' అనే రాశాడు.

వాడు కొన్ని రోజులుగా అంబలి సగంలో వదిలేస్తున్నాడు. పొయ్యి పక్కన బూడిదలో రాస్తున్నాడు, చెరుపుతున్నాడు. సోములమ్మ నిన్న గట్టిగా అడిగితే చెప్పాడు.

“మనం సెట్టు అంటాం గదే అమ్మా. అలగే రాసేత్తే తప్పంట. ఎవులు తప్పు రాసినా చిన్నమ్మికే దెబ్బ.”

“ఎవుల్రా ఆ చిన్నమ్మి?”

“పంతులు కాడే ఉంటది. నీళ్ళు మోత్తాది, వంట సేత్తాది. మాతోపాటు కూకుంటాది.”

సోములమ్మ నమ్మలేదు. తెల్లారగానే రెండు కొండలు దిగి వచ్చింది. ఇప్పుడు నమ్మింది.

“పంతులా!”

పన్నెండుమంది పిల్లల వేళ్ళు ఇసుకలో ఆగిపోయాయి.

“ఏటి సేత్తన్నావు? తప్పు నా గుంటడు రాత్తే ఆ గుంటనెందుకు కొట్టినావు?”

పోలయ్య బెత్తం దించాడు. “బయటికి రా అమ్మా, చెబుతాను.”

“ఇక్కడే సెప్పు. ఈలందరూ ఇనాల.”

“నీ కొడుకుని కొడితే రేపు బడికి పంపుతావా?”

“పంపను. నీ సెయ్యి ఇరిసి నిన్నే మీ ఊరు పంపుతాను.”

ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. పోలయ్య నవ్వలేదు.

“అదీ సంగతి. నాకు ముందు వచ్చిన పంతులు ఒక్కడి చెవి మెలిపెట్టాడు. మర్నాడు కొండ మీదనుంచి ఒక్క పిల్లా దిగలేదు. బడి మూసేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పదిమంది లేకపోతే మళ్ళీ మూసేస్తారు. ఉండి కూడా మాట రాయలేకపోయినా మూసేస్తారు.”

“అయితే కొట్టకుండా సెప్పు. నోరు నేదా నీకు?”

“రెండు నెలలు నోటితోనే చెప్పాను. చెట్టు సెట్టుగానే ఉంది, చెయ్యి సెయ్యిగానే ఉంది. దెబ్బ పడందే అక్షరం కుదరదు. నేనూ అలాగే నేర్చుకున్నాను.” పోలయ్య ఇసుక మీద బారుగా ఉన్న మాటలు చూపించాడు. “దీన్ని కొట్టడం మొదలుపెట్టి మూడు వారాలైంది. పన్నెండుమందికీ గుణింతం వచ్చింది. దీని దెబ్బ చూడలేక నేర్చుకుంటున్నారు. నీ కొడుకునే అడుగు.”

అడగక్కర్లేదు. బూడిదలో రాతలు ఆమె చూసింది. అతను చెప్పింది నిజం. అందుకే ఆమెకు ఇంకా మండింది.

“మా పిల్లల్ని ముడితే మేం కత్తి అట్టుకొని వొత్తాం. దీన్ని కొడితే అడగడానికి ఎవులూ రారు. అంతే గదా?”

“రారు,” అన్నాడు పోలయ్య.

సోములమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అతని చేతిలోంచి బెత్తం లాక్కుంది. మోకాలికి అడ్డం పెట్టి విరిచింది. వెదురు ఒక్కసారికి విరగలేదు. రెండోసారి విరిచి ముక్కలు బయట బురదలోకి విసిరింది. పోలయ్య అడ్డు రాలేదు.

ఆమె చిన్నమ్మి ముందు గొంతుకూర్చుంది. అరచెయ్యి తిప్పి చూసింది. కొత్త వాత కింద పాత వాతలు. వాటి మీద పసుపు.

“ఇది ఎవులు రాసినారే?”

“పంతులుగారు.”

“థూ! కొట్టేదీ నువ్వే, పసుపు రాసేదీ నువ్వేనా? మా ఊర్లో కుక్కని కూడా ఇలగ సెయ్యరు.”

పోలయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాన మొదలైంది.

సోములమ్మ ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని లేపింది. “నడు గుంటా. మా ఇంటికి పోదాం. సోడి అంబలుంది, మేకలున్నాయి. నాకు ముగ్గురున్నారు, నువ్వు నాలుగోదానివి. మా కొండ మీద నిన్ను ఎవులూ ముట్టరు.”

గాసి లేచాడు. “చిన్నమ్మి ఎళ్ళిపోతే నానూ రాను.”

వాడి వెనక ఇంకొకడు లేచాడు. తర్వాత ఇద్దరు. చివరికి ఇసుక ముందు ఎవరూ మిగల్లేదు. పన్నెండుమందీ గుమ్మం దగ్గర గుంపు కట్టారు. సోములమ్మ పంతులు వైపు చూసింది.

“ఇప్పుడు ఎవుల్ని కొడతావో కొట్టు. గోడనా?”

పోలయ్య తిరిగి చూడలేదు.

“అది వస్తానంటే తీసుకుపో,” అన్నాడు.

“రాక ఏటి సేత్తాది? బేగి రాయే.”

చిన్నమ్మి రెండడుగులు వేసింది. ఆగింది. సోములమ్మ పట్టులోంచి మోచెయ్యి మెల్లగా విడిపించుకుంది.

“నేను రాలేనమ్మా,” అంది, వెళ్ళి పోలయ్య పక్కన నిలబడి, “మా నాన్న ఒక్కడైపోతాడు.”