మార్చిన మాట

ముక్కుసూటిగా రాస్తాడని పేరున్న కాలమిస్టు ఆ వారం "నష్టాల మిల్లును మూసెయ్యాల్సిందే" అని రాశాడు. పత్రికలో మాత్రం అతని పేరు కిందే "మిల్లును మూయకూడదు" అని వచ్చింది.

సంపాదకుడికి ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు.

"మీ ఇంటి నుంచి వచ్చిందే వేశాం సార్."

వ్యాసాలు టైపు చేసి పంపేది భార్యే.

"నేనే మార్చాను" అంది ఆమె.

"మంత్రులే నా మాట మార్చలేకపోయారు. కట్టుకున్నదానివి, వెన్నుపోటు పొడుస్తావా?"

"మిల్లు లోపలి గుట్టు మీకెవరు చెప్పారు? బావే కదా అని ఆ మిల్లులో పనిచేసే మా తమ్ముడు కడుపులో మాట చెప్పుకున్నాడు. దాన్ని పేపరుకెక్కిస్తారా?"

అతను చేతిలోని పత్రికను మడిచి పక్కన పెట్టాడు.

"ఇందాక వాడు ఫోన్ చేశాడు. 'బావ మా పక్షాన నిలబడ్డాడక్కా' అని ఏడ్చాడు. మీరు రాసిందేమిటో చెప్పడానికి నాకు నోరు రాలేదు."