గుట్ట మీద దగ్గు లేదు

ఒక అడవికి దగ్గు జబ్బు పట్టుకుంది. అలాంటిలాంటి దగ్గు కాదు, కుందేలు ఒక్కసారి దగ్గితే చింతచెట్టు ఆకులన్నీ రాలి మోడైపోయేది! ఏనుగు వైద్యుడు గుట్ట మీద చెరువంత గంగాళం పెట్టి, నెల పొడుగునా మిరియాల కషాయం కాచి పోశాడు. చివరికి అక్కడే సభ పెట్టి, "ఇంకా దగ్గుతున్నవాళ్ళు తోక ఎత్తండి" అన్నాడు. ఒక్క తోకా లేవలేదు.

"జబ్బు పోయింది, పొయ్యి ఆర్పెయ్యండి!" అని నక్క కేకేసింది.

ఆ కేక తాబేలు తాయమ్మ చెవిన పడింది. ఆ పొయ్యి ఆరితే తన పొరుగు బొరియలో దగ్గుతున్న కుందేలు పిల్లలకు దిక్కులేదు. ఆ గుట్ట గులకరాయిగా ఉన్ననాడే పుట్టిన ముసలిది, పోయి పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"లే అవ్వా, కాలిపోతావు!"

"నా డిప్ప కాలాలంటే ఏడు అడవుల కట్టెలు కావాల్రా నక్కా! ఏనుగయ్యా, దగ్గుతో ఆయాసపడేవాళ్ళు ఈ గుట్ట ఎక్కగలరా? ఎక్కినవాళ్ళనే అడిగితే ఏం తెలుస్తుంది? కిందికి పోయి చూసిరా. అందాకా నేను లేవను."

ఏనుగు మొహం మాడ్చుకునే దిగాడు. ఇంకా మొదటి బొరియ చేరనేలేదు, చేటల్లాంటి ఆ చెవుల్లో నలువైపుల నుంచీ దగ్గే దగ్గు. గబగబా తిరిగొచ్చి గంగాళం తొండంతో ఎత్తుకున్నాడు.

"అయితే మన కషాయం దండగేనా?" అని నక్క గొణిగింది.

"తాగినవాళ్ళకు తగ్గింది. తాగనివాళ్ళ దగ్గు ఇప్పుడే విన్నాను. పొయ్యి గుట్ట కింద పెడదాం పద."

"మరి మళ్ళీ సభ ఎప్పుడయ్యా?" అంది తాయమ్మ.

"సభ లేదవ్వా. ఈసారి బొరియ బొరియకీ పోయి చెవి ఆనించి వింటాను."